సముద్రం కార్డులు చేస్తానన్న శ్రావణికి

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పుడూ ఉన్నవే, కొత్తగా చెప్పేదేం లేదు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "బావగారూ, ఇది ఆఫీసు నుంచి వచ్చి రాత్రిళ్లు గ్రీటింగ్ కార్డులు చేస్తోంది, కొత్త సంవత్సరానికి అమ్ముతుందంట, అన్నీ సముద్రం బొమ్మలే" అంది. వింటుంటే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం భయమేసింది. అంతకుముందే మీ నాన్న ఏమన్నాడని అడిగాను. "ఏం అనలేదు, లేచి మేడ మీదకి వెళ్లిపోయారు" అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, నీ సంగతి నాకు తెలుసు.

మీ నాన్న మేడెక్కడానికి కారణం ఉందిలే. అది తర్వాత. ముందు పని సంగతి చూద్దాం.

సామాను ఏం కావాలో నీకు తెలిసే ఉంటుంది. స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్, పెన్సిలు, గ్లూ స్టిక్, మడత గీత నొక్కడానికి ఇంకు అయిపోయిన బాల్ పెన్ను. అంతే. యూట్యూబ్‌లో చూపించే మెషిన్లన్నీ ఇప్పుడే కొనకు.

కటర్ బ్లేడు దగ్గర మాత్రం ఆగి చదువు. ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మెషిన్ దగ్గర నిలబడే నాకు వయసైపోయింది. పదునైన బ్లేడు వల్ల వేలు తెగినవాళ్లు తక్కువ. మొద్దు బ్లేడుని బలం పెట్టి నొక్కితే అది జారి వేలి మీదకి వచ్చింది, అలా తెగినవాళ్లే ఎక్కువ. కోత బరుగ్గా వస్తోందనిపించగానే కొస విరిచెయ్యి. విరిచిన ముక్కలు పాత డబ్బాలో వేసి మూత పెట్టు, చెత్తబుట్టలో వెయ్యకు. పొద్దున్నే ఆ చెత్త ఎత్తే అమ్మాయికీ చేతులున్నాయి. ప్లాస్టిక్ స్కేలు ఆనించి కొయ్యకు, బ్లేడు దానిలోకి దిగి పక్కకి తిరుగుతుంది. ఇంకో మాట, రాత్రి పదిన్నర దాటితే బ్లేడు ముట్టుకోకు. మాఘమాసం ముహూర్తాలకి శుభలేఖల పని తెల్లారేదాకా నడిచేది. ప్రెస్సులో జరిగిన ప్రమాదాలన్నీ ఆ వేళప్పుడు జరిగినవే. నీకేం కాదని నువ్వంటావు, వాళ్లూ అదే అన్నారు. రాత్రిపూట అతికించుకో, మడుచుకో, కావాలంటే కవర్ల మీద పేర్లు రాసుకో. కోతలు మాత్రం ఆదివారం పగటి వెలుతురులో పెట్టుకో.

ఇక కాగితం. కార్డుకి 250 నుంచి 300 జీఎస్సెం చాలు, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందని. 300 జీఎస్సెం ఏ4 షీటు ఒక్కటి 19 గ్రాముల లోపే తూగుతుంది. దాన్ని సగం కోసి మడిస్తే ఒక కార్డు, అంటే 10 గ్రాములు కూడా ఉండదు. పైన అతికించేవి, కవరు కలిపినా 20 గ్రాములు దాటకూడదు, ఎందుకంటే బరువు పెరిగితే పోస్టులో స్టాంపు ఖర్చూ పెరుగుతుంది. నిజం గవ్వలు అతికిస్తున్నావట. మానెయ్. పోస్టాఫీసులో స్టాంపు మీద ముద్ర ఒక్కటి పడితే కవరులో పొడే మిగులుతుంది. పైగా సరిగ్గా కడగని గవ్వ నాలుగు రోజులకి వాసన కొడుతుంది. గవ్వ కావాలంటే కాగితంలో కోసుకో.

డిజైన్ పేపర్లు ఆన్‌లైన్‌లో కట్టలు కట్టలు తెప్పిస్తున్నావని మీ అమ్మ అంటోంది. కొన్ని తెప్పించుకో, కాదనను. కానీ శుభలేఖలు వేసే షాపుల్లో ట్రిమ్మింగ్ అయ్యాక ముక్కలు మిగులుతాయి. జరీ గీతలవీ, మామిడిపిందెలవీ, చేతి కాగితంవీ, రకరకాలు. నీ కార్డుకి కావలసింది బెత్తెడు ముక్క, దానికోసం పెద్ద షీటు కొనడం దేనికి? వన్‌టౌన్‌లో అడిగి చూడు, బతిమాలితే ఇస్తారు. ఒక కార్డు మీద మూడు డిజైన్లు పెట్టినప్పుడు ఒకటి పెద్ద పూలది, ఒకటి సన్న చుక్కలదో గీతలదో, మూడోది సాదా రంగుది అయ్యుండాలి. మూడూ పెద్ద పూలే అయితే పడవ ఎక్కడుందో వెతుక్కోవాలి.

నీకు తెలియదనుకునేది ఒకటి చెప్తాను. నీళ్ల రంగు డిజైన్ పేపర్ తీసుకుని కత్తెర పక్కన పెట్టేయ్. బొమ్మ వైపు నీకు కనపడేలా పట్టుకుని మెల్లగా, కొంచెం వంకరగా చేత్తో చింపు. రెండు ముక్కల్లో ఒకదాని అంచున లోపలి తెల్ల కాగితం సన్నగా, ఎగుడుదిగుడుగా బయటపడుతుంది, రెండోదానికి పడదు. ఆ తెల్ల అంచే నురగ. అలాంటివి మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి కొద్దికొద్దిగా జరిపి అతికిస్తే అలలు వచ్చేసినట్టే. తెల్లంచు రాని ముక్కలు ఒడ్డున ఇసుకకి వాడుకో. కాగితం లోపల తెల్లగా, పైన మాత్రమే అచ్చయి ఉండాలి. లోపలిదాకా రంగున్న కాగితానికి ఇది రాదు.

సరే, ఇప్పుడు తిట్టాల్సింది తిడతాను. మీ అమ్మ నీ కార్డుల ఫొటోలు పంపింది. లంగరు, ఎర్ర తెల్ల చారల లైట్‌హౌసు, గొడుగు కింద కుర్చీ, సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుడు. ఏ ఊరి సముద్రమే అది? మన ఒడ్డున పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది. కుంకేది మన వీపు వెనక, సరుగుడు తోటల్లోకి. బాపట్ల వాళ్లెవరైనా చూస్తే నవ్వుతారు. సూర్యలంక ఎన్నిసార్లు వెళ్లావు, ఏం చూశావు అక్కడ? నీళ్లు నీలంగా ఉన్నాయా? బూడిద రంగు, మట్టి రంగు, ఎండ బాగా కాస్తే కాస్త పచ్చన. పడవల మీద పూసే ముదురు రంగులు, ఇసుక మీద కుప్ప పోసిన వలలు, పీత బొక్క చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు, ఇవి నీకు కనపళ్లేదా? వలకి అయితే సన్న గళ్ల కాగితం ఎదురుగానే ఉంది. చలికాలం చివర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, అవి పాక్కుంటూ పోయిన జాడ రెండు వరసల్లో పడుతుంది. అది గీసిన కార్డు నేనింతవరకూ చూళ్లేదు. పడవకి పెడన కలంకారీ గుడ్డ పీలిక వాడి చూడు. పాత ఇనుము, బెల్లం నానబెట్టి తీసే ఆ నలుపు, చెక్క అచ్చుతో అద్దిన ఆ ఎరుపు, పడవ పక్కలకి భలే నప్పుతాయి. నీ చేతిలో పనుంది కాబట్టి తిడుతున్నాను. లేకపోతే బాగుందమ్మా అని ఊరుకునేవాణ్ణి.

ఇక మీ నాన్న సంగతి.

కాగితంలో నారలుంటాయి. మిల్లులో మెషిన్ నడిచిన వైపే అవి ఎక్కువగా పడుకుంటాయి. మేం దాన్ని గ్రెయిన్ అంటాం. మడత గ్రెయిన్ వెంట వస్తే నున్నగా, సూటిగా పడుతుంది. గ్రెయిన్‌కి అడ్డంగా మడిస్తే పగుళ్లిస్తుంది, మూసినా మూసుకోదు.

అప్పుడు మీ నాన్న డిగ్రీ ఆఖరి ఏడాది. సెల్‌ఫోన్లు లేని రోజులు. డిసెంబరు వచ్చిందంటే బెజవాడ బీసెంట్ రోడ్డులో తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి కార్డులు వేలాడదీసేవాళ్లు. సినిమా హీరోలు, గులాబీలు, బోసినవ్వుల పసిపిల్లలు. జనం విరగబడి కొనేవాళ్లు. వీడికి బొమ్మలు బాగా వచ్చు. నీ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు మరి? అట్టముక్క కోసి స్టెన్సిల్ చేసుకుని, టూత్ బ్రష్ రంగులో ముంచి బొటనవేలితో చిలకరించేవాడు. ప్రకాశం బ్యారేజీ గేట్లు, కింద పడవ, పైన కొంగలు. అంత అందంగా ఉండేవి.

బోర్డు షీటు 22 బై 28 అంగుళాలు. కార్డు విప్పితే 10 బై 7, మడిస్తే 5 బై 7. ఆ లాటులో గ్రెయిన్ 22 అంగుళాల వైపు నడుస్తోంది. మడత గ్రెయిన్ వెంట రావాలంటే షీటుకి 6 కార్డులే వస్తాయి, 8 అంగుళాల పట్టీ వృథా. అదే షీటు తిప్పి కోస్తే 8 వస్తాయి. వాడు కాగితం మీద లెక్క వేసుకున్నాడు. షీటుకి రెండు కార్డులు మిగులు! నేనైతే ఒప్పుకోనని వాడికి తెలుసు. మా ప్రెస్సుకి తీసుకురాకుండా ఇంకో చోట కోయించేశాడు. బోర్డు అరువు తెచ్చింది వేరే.

రాత్రంతా కూర్చుని మడిచాడు. మడతల దగ్గర రంగు పెళుసుగా రాలిపోయి తెల్లగా బయటపడింది. స్కేలుతో నొక్కాడు, నిఘంటువులు మీద పెట్టాడు, ఏం చేసినా లాభం లేకపోయింది. లోపల శుభాకాంక్షల కాగితం నీళ్ల జిగురుతో అతికించాడు. పైగా అల్పపీడనం, రెండు రోజులు ముసురు. తెల్లారేసరికి ఒక్కో కార్డు అప్పడంలా లేచింది. అయినా మొండిగా సంచిలో వేసుకుని బెజవాడ బస్సెక్కాడు. బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన కార్డు మూసి కౌంటరు మీద పెట్టాడట. అది మెల్లగా నోరు తెరిచిందట. ఆయన మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచింది. "బొమ్మ బాగుంది బాబూ, కానీ ఇది నోరు మూసుకోదేం?" అన్నాడట. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఇంకో షాపుకి వెళ్లకుండా తిరిగొచ్చేశాడు. రెండు కార్డుల లాభం అలా గూబల్లోకి వచ్చింది.

బోర్డు బాకీ మీ తాతయ్య కట్టారు. ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టుంటే వాడికి తేలికయ్యేదేమో. మీ నానమ్మ ఆ కార్డుల వెనక పాల లెక్కలు రాసుకునేది. వాడు అన్నం తింటూ ఎదురుగా గోడకి మేకు కొట్టిన ఆ కట్ట చూసేవాడు. మళ్లీ బ్రష్షు పట్టుకోలేదు. నువ్వు కార్డులు అమ్ముతానంటే వాడు కోపంతో మేడెక్కాడనుకోకు. నీకూ అలా అవుతుందేమోనని వాడి భయం, ఆ మాట నోటితో చెప్పలేడు. మీ నాన్నని నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నానమ్మలూ.

నువ్వు మాత్రం షీటుని కొనకముందే రెండు వైపులా మెల్లగా వంచి చూడు. ఎటు మడిస్తే తేలిగ్గా వంగుతుందో అటే మడత రావాలి. ఏ4 షీట్లలో గ్రెయిన్ చాలావరకు పొడుగు వైపు ఉంటుంది. అడ్డంగా సగానికి కోసి మడిస్తే సరిపోతుంది. కోల కార్డులు కావాలని పొడుగునా చీల్చి మడిచావో, మీ నాన్న కార్డే మళ్లీ. జిగురు పల్చగా రాయి, నీళ్ల జిగురు అసలొద్దు, రాత్రంతా బరువు కింద ఉంచు. మైదా ఉడికించుకోమని ఎవరైనా చెప్తే వినకు, బొద్దింకలకి విందు.

సూర్యలంక వెళ్తే పొద్దున్న రైలుకి వెళ్లు, స్నేహితురాళ్లతో వెళ్లు, బొమ్మలు గీసుకో, ఫొటోలు తీసుకో. నీళ్లలోకి మాత్రం దిగకు. మోకాళ్లదాకానే అంటారు అందరూ. ఏటా అక్కడ కాలేజీ పిల్లలు పోతూనే ఉన్నారు, పేపర్లో చదవడానికి చెయ్యి రాదు. ఇంకొకటి. పెద్ద పెద్ద అలలు లేచి పడుతున్నట్టు కార్డు చెయ్యకు. మీ పెద్దమ్మ పుట్టిల్లు నాగాయలంక వైపని నీకు తెలుసుగా. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి తను ఇంట్లో ఎప్పుడూ మాట్లాడదు. దివిసీమ వాళ్లు ఎవరైనా నీ కార్డు చేతిలోకి తీసుకోవచ్చు. ఒడ్డుకి చేరిన పడవ వెయ్యి, సరుగుడు చెట్టు వెయ్యి, పీతలు వెయ్యి. నీ ఫొటోలు చూసి మీ పెద్దమ్మ పీత కార్డు తనకొకటి కావాలంది, చెప్పమంది.

అమ్మకం గురించి రెండు ముక్కలు. సంవత్సరం అంకె అచ్చు వెయ్యకు, మిగిలినవి సంక్రాంతికీ పుట్టినరోజులకీ పనికొస్తాయి. అరువు తేకు, అరువివ్వకు. ధర కట్టేటప్పుడు నీ రాత్రుళ్లు కూడా లెక్కలో వేసుకో.

బోర్డు కొనకముందు వచ్చే ఆదివారం గుంటూరు రా. అరండల్‌పేటలో మంచి బోర్డు ఎక్కడ దొరుకుతుందో చూపిస్తాను. మీ నాన్నని వెంటబెట్టుకుని రా. పనుందంటాడు. పెదనాన్నకి చూపు ఆనడం లేదట, షీట్లకి గుర్తులు పెట్టడానికి నువ్వే రావాలట అని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న

మరిచాను: కవర్లు ముందు కొని, వాటిని బట్టి కార్డు సైజు పెట్టుకో. కార్డులు చేశాక కవర్ల కోసం బజారంతా తిరిగేవాళ్లని చాలామందిని చూశాను.