తొలి టాకీలో లీలావతి ఎవరు?

ప్రశ్న: ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లిగా నటించిన సురభి కమలాబాయి ఒకప్పుడు కథానాయిక అని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ (మాటలు వినిపించే చిత్రం) ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి ఆమే. హెచ్.ఎం.రెడ్డి ఆ చిత్రానికి దర్శకులు. కమలాబాయి పేరులోని సురభి, కడప ప్రాంతంలోని అదే పేరుగల గ్రామంలో 1885లో పుట్టిన కుటుంబ నాటక సమాజాన్ని సూచిస్తుంది. ఇతర సమాజాలలో స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరిస్తున్న కాలంలో, సురభివారు తమ ఇంటి ఆడవారినే రంగస్థలం ఎక్కించారు. పద్యాన్ని గొంతెత్తి, చివరి వరుస వారికీ వినిపించేలా పాడే సాధన ఆమెకు బాల్యం నుంచే అబ్బింది. నేపథ్యగానం ఇంకా రాని తొలి టాకీలలో తన పాట తానే పాడుకోవలసి వచ్చిన నటికి ఆ సాధన ఎంత పెద్ద ఆస్తో ఊహించవచ్చు. అదే ఏడాది ‘పాదుకా పట్టాభిషేకం’లో సీతగానూ నటించారు. తరువాత బొంబాయిలో హిందీ చిత్రాలలోనూ నటించిన ఆమె, మీరు చెప్పిన 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఎన్.టి.రామారావుకు తల్లి అయ్యారు. ఆ పాత్రతోనే ఆమెను గుర్తుంచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.