సుడేటెన్ జర్మన్లు మొదటినుంచీ హిట్లర్ వైపేనా?

చెకోస్లోవేకియాలోని జర్మన్లు (వాళ్ళనే సుడేటెన్ జర్మన్లంటారు) మొదటినుంచీ నాజీలకే ఓటేశారా అని అడిగారు. లేదండీ. 1929 దాకా లెక్కలు చూస్తే కథ దాదాపు తిరగబడి కనిపిస్తుంది.

1918లో దేశం ఏర్పడినప్పుడు 30 లక్షల పైచిలుకు జర్మన్లను అడక్కుండానే అందులో కలిపేశారు. కోపం ఉండాల్సిందే, ఉంది కూడా. అయినా 1920 ఎన్నికల్లో జర్మన్ పార్టీలన్నిట్లోకీ ఎక్కువ సీట్లు (31) సోషల్ డెమోక్రాట్లకే వచ్చాయి. 1926లో రైతుల పార్టీ నుంచి ఫ్రాంజ్ స్పీనా, క్రిస్టియన్ సోషల్ పార్టీ నుంచి మైర్-హార్టింగ్ ప్రాగ్‌లో మంత్రులయ్యారు. 1929లో జర్మన్ ఓట్లలో ముప్పాతిక వంతు, ప్రభుత్వంతో కలిసి నడుద్దామన్న పార్టీలకే పడ్డాయి.

1935కల్లా మాత్రం వాళ్ళలో ఎక్కువమంది అటు తిరిగిపోయారు. మరి ఆ ఆరేళ్ళలో ఏమొచ్చింది? ఆర్థిక మాంద్యం. జర్మన్ జిల్లాలు బట్టలు, గాజు సరుకు ఎగుమతి చేసి బతికేవి.

నేనుండేది బవేరియాలో, కాఫ్‌బ్యూరెన్ దగ్గర. యుద్ధం తర్వాత గాబ్లొంట్స్ (నేటి చెక్ దేశంలోని యాబ్లొనెత్స్) నుంచి గెంటేసిన గాజు పనివాళ్ళు ఇక్కడే నాయ్‌గాబ్లొంట్స్ అని ఊరు కట్టుకున్నారు. మా ఇంటి ఓనరు పెద్దావిడ వాళ్ళ నాన్నదీ అదే పని. ఆవిడ ఒకసారి పాత శాంపిల్ అట్ట చూపించింది: దారంతో కట్టిన ఎరుపు, ఆకుపచ్చ గాజులు, అచ్చం మన చేతి గాజులే! వాళ్ళ సరుకు ఇండియాకీ వచ్చేది మరి. బేరాలు పడిపోయాక ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవని రోజులు. వాళ్ళ నాన్న సోషల్ డెమోక్రాట్‌గానే ఉండిపోయాడు, బాబాయి మాత్రం నాజీల వైపు నడిపించిన నాయకుడు హెన్‌లైన్ వెనక పోయాడు. పండక్కి కూడా అన్నదమ్ములకు మాటల్లేవని వాళ్ళమ్మ చెప్పేదట.

కోన్రాడ్ హెన్‌లైన్ ఓ వ్యాయామ ఉపాధ్యాయుడు. 1933 అక్టోబరులో, నిషేధం తప్పదని తెలిసి అక్కడి నాజీ పార్టీ రద్దయిపోయిన సమయానికే, కొత్త పార్టీ దుకాణం తెరిచాడు. పైకి దేశానికి విధేయుణ్ణనేవాడు, లోపల్లోపల బెర్లిన్ డబ్బు అందేది. 1935 మే ఎన్నికల్లో జర్మన్ ఓట్లలో మూడింట రెండొంతులు అతనికే పడ్డాయి. దేశం మొత్తమ్మీద ఏ పార్టీకీ రానన్ని ఓట్లు. సీట్లు మాత్రం 44, చెక్ రైతుల పార్టీకి 45.

1938 స్థానిక ఎన్నికల్లో ఇది దాదాపు 90 శాతానికి చేరింది. ఆ అంకెను 1935తో ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం. మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు, రైతుల పార్టీ, క్రిస్టియన్ సోషల్ పార్టీ హెన్‌లైన్ పార్టీలో కలిసిపోయాయి. ఎదురుగా నిలబడ్డ పెద్ద జర్మన్ పార్టీ సోషల్ డెమోక్రాట్లదొక్కటే. ఆ సెప్టెంబరులో ఈ జర్మన్ ప్రాంతాల్ని హిట్లర్‌కి అప్పగించిన మ్యూనిక్ ఒప్పందం తర్వాత సోషల్ డెమోక్రాట్ల నాయకుడు వెన్‌జెల్ యాక్ష్ దేశం దాటి బయటపడ్డాడు. దొరికిపోయిన కార్యకర్తల్లో చాలామందిని నాజీల డాకౌ నిర్బంధ శిబిరానికి తోలారు.