లదాఖ్‌లో ప్రీపెయిడ్ సిమ్ సంగతి

నుబ్రా, పాంగాంగ్ వైపు వెళ్తున్నామని, హైదరాబాద్ ప్రీపెయిడ్ నంబర్ అక్కడ పనిచేస్తుందా అని అడిగారు కదండీ. పనిచేయదు. లదాఖ్, జమ్మూ కశ్మీర్‌లలో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లకు రోమింగ్ ఉండదు. రీచార్జ్ ఎంత పెద్దది చేయించినా అంతే. పోస్ట్‌పెయిడ్ అయితే ఏ రాష్ట్రానిదైనా పనిచేస్తుంది. కాబట్టి మీ ఇద్దరిలో ఒకరు ఇక్కడే నంబర్‌ను పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. చివరి రోజు వరకు ఆగొద్దు. రెండో ఫోన్‌కి వేరే కంపెనీ పోస్ట్‌పెయిడ్ ఉంటే ఇంకా మేలు, ఒక ఊళ్లో ఒకటి అందితే ఇంకో ఊళ్లో ఇంకోటి అందుతుంది.

లేహ్‌లో సిగ్నల్‌కి ఇబ్బంది లేదు. ఊరు దాటాక కనుమల్లో చాలాసేపు ఏమీ రాదు. అమ్మగారికి టెన్షన్ లేకుండా ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, ఆ హోటల్ నంబర్‌తో సహా ముందే రాసివ్వండి. హోటల్ వైఫై దొరికితే ప్రీపెయిడ్ ఫోన్లోనూ వాట్సాప్ కాల్ వెళ్తుంది, కానీ బ్యాంకు ఓటీపీ మెసేజ్ రాదు. అందుకే నగదు లేహ్‌లోనే తీసుకోండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. సిగ్నల్ లేనిచోట ఫ్లైట్ మోడ్ పెట్టండి, ఆ చలికి బ్యాటరీ అసలే నిలవదు.

శాటిలైట్ ఫోన్ మాత్రం వద్దు. అనుమతి లేకుండా దగ్గరుంటే కేసే.