ఏదీ, ఓ పాట పాడమ్మా!

అంబాజీపేట దగ్గర నుంచి రాసిన అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పాపకి పదేళ్ళు. రెండేళ్ళ కిందట టీవీ పాటల పోటీలో పాడింది, పేరొచ్చింది, అప్పట్నుంచి పెళ్ళికెళ్ళినా, గుడికెళ్ళినా, ఆఖరికి చెప్పులు కొనడానికెళ్ళినా ఎవరో ఒకరు "ఏదీ, ఓ పాట పాడమ్మా" అంటూ ఫోన్ పైకెత్తుతున్నారు. మొన్న కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరుతుంటే కొబ్బరి కొట్టులో దాక్కుని రానంది. ప్రోగ్రాం ఉందంటే ముందురోజు నుంచే కడుపునొప్పి. మీ ఆయనేమో ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటారా అంటున్నారు.

ఆ కడుపునొప్పి నాటకం కాదండి. టెన్షన్ పడే పిల్లలకి నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. ఓసారి పిల్లల డాక్టరుకి చూపించండి, గొంతు కూడా బొంగురు పోతోందన్నారు కాబట్టి ఈఎన్‌టీకి కూడా.

ఇక అసలు సంగతి. మీకు కోపం రావచ్చు, అయినా చెబుతాను. "మా ఆడపడుచుగారు అంత దూరం నుంచి వచ్చారు, ఒక్క పాటకేముందని నేనే బతిమాలాను" అని రాశారు చూడండి, నేను అక్కడ ఆగిపోయాను. మన గోదావరి జిల్లాల వాళ్ళం గడపలోకొచ్చిన మనిషికి కాదని చెప్పలేం, "ఆయ్, దానికేవుందండీ" అనేస్తాం (నేనూ ఆ బాపతే, మా ఇంట్లో అడగండి). కానీ ఇక్కడ మర్యాద చేసింది మీరు, దాని ఖర్చు భరించింది పాప. పాడనని చెప్పే పని ఇకనుంచి మీది, దానిది కాదు. పాప ముందే, నవ్వుతూనే, "ఇవాళ పాట లేదు వదినగారూ, పూతరేకులు తినండి" అనండి. ఒకరిద్దరు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి.

మీ ఆయన సంగతి కాస్త కష్టం. కొబ్బరి ధర పడిపోయిన ఏడు పాప డబ్బులే ఇల్లు నడిపాయని రాశారు, కాబట్టి ఆయన్ని దురాశపరుడని నేననను. కాకపోతే ఆయన ఒకటి తెలుసుకోవాలి. పిల్లల చేత ప్రోగ్రాములు చేయించడానికి బాలకార్మిక చట్టం కింద 2017లో నిబంధనలు వచ్చాయి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పాప పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, అన్నిటికన్నా ముఖ్యం, పిల్లకి ఇష్టం లేకుండా పాడించకూడదు. డబ్బు లెక్క పక్కనపెట్టి మాట్లాడితే ఆయన వినరు, అందుకని అక్కడే మొదలుపెట్టండి: ఇప్పటిదాకా ఎంతొచ్చింది, పాప పేరున ఎంతుంది? ఒప్పుకున్న బుకింగులు ఏమున్నాయో చూసి, పరీక్షలయ్యే దాకా కొత్తవి ఆపమనండి. రెండు అడ్వాన్సులు తిరిగివ్వాల్సొస్తే ఇచ్చేయండి.

ఇంకోటి, వీడియోల కింద కామెంట్లు ఆయన అన్నం తినేటప్పుడు పైకి చదువుతారని రాశారు. పొగడ్తలే చదువుతారట, కానీ పాప రంగు గురించి ఎవడో కూసిన కూత దానికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుందంటే అది తనంతట తాను ఫోన్లో చదువుకుంటోందన్నమాట. ఆ చానల్‌లో కామెంట్లు ఆఫ్ చేయండి, ఇవాళే. బడి పేరు, యూనిఫాం, ఇంటి వీధి కనిపించే వీడియోలు తీసేయండి.

నెలరోజులు ఇలా నడిచాక కూడా నిద్రపట్టకపోయినా, బడికి పోనన్నా, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ఫోన్ లైను, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పాపతో పాటు మీరూ మాట్లాడవచ్చు.

మీరు రాయని విషయం ఒకటుంది. ఎవరూ లేనప్పుడు, దొడ్లో జడ వేసుకుంటూనో, పిల్లిని ఆడిస్తూనో, పాప తనలో తాను పాడుకుంటోందా? మళ్ళీ రాసినప్పుడు అది రాయండి. ఒకవేళ పాడుతూ కనిపిస్తే మాత్రం ఫోన్ తియ్యకండి.