యాసిడ్ జాజ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జాజ్‌ని డాన్స్ బీటుతో కలిపిన యాసిడ్ జాజ్ మీద నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. కానీ మొదటి పేజీ అంతా ఏది యాసిడ్ జాజ్, ఏది కాదు అనే పంచాయితీకే సరిపోయింది. ఫంక్ బీటు, జాజ్ కార్డ్స్, హామండ్ ఆర్గన్ అనే కరెంటు కీబోర్డు, కాస్త ర్యాప్ అని లక్షణాలు రాసుకుని, ఒక్కో పాటనీ పిలిచి పరీక్ష పెట్టావు. నీ లెక్కలో జేమ్స్ టేలర్ క్వార్టెట్ అనే బ్రిటిష్ బ్యాండు పాస్, బాగానే ఉంది. 1970 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ ఎర్లాండ్ ఆర్గన్ మీద వాయించినదీ పాసే, అప్పటికి ఆ పేరే పుట్టకపోయినా! 1990లలో ప్రెస్టీజ్ అనే అమెరికన్ జాజ్ రికార్డుల లేబుల్ ఇలాంటి పాత రికార్డులకి ‘లెజెండ్స్ ఆఫ్ యాసిడ్ జాజ్’ అని కొత్త అట్ట వేసి అమ్మింది. మనవడి పేరు తాతకి పెట్టడమంటే ఇదే.

ఆ పేరు పుట్టించింది డీజేలు. 1980ల చివర లండన్‌లో యాసిడ్ హౌస్ అనే యంత్రాల డాన్స్ సంగీతం ఊపు మీద ఉన్న రోజుల్లో సరదాకి అన్న మాట. ఎడ్డీ పిల్లర్, జైల్స్ పీటర్సన్ అనే ఇద్దరు డీజేలు ఆ పేరుతోనే రికార్డుల కంపెనీ పెట్టేశారు. లండన్ కామ్‌డెన్‌లోని డింగ్‌వాల్స్ క్లబ్‌లో ఆదివారం మధ్యాహ్నాలు పీటర్సన్, ఇంకో డీజే పాట్రిక్ ఫోర్జ్ కలిసి పాత జాజ్, లాటిన్, ఫంక్, హిప్‌హాప్ అన్నీ కలిపి వేసేవాళ్లు. వచ్చిన జనానికి కావలసింది డాన్స్. నన్నడిగితే హద్దు వెతకాల్సింది అక్కడే. ఆ జనాన్ని ఆడించిన పాత జాజ్, ఆ జనం మధ్య పేరు తెచ్చుకున్న బ్రాండ్ న్యూ హెవీస్, ఇన్‌కాగ్నిటో లాంటి బ్యాండ్లు: నా మట్టుకు యాసిడ్ జాజ్ అంటే అంతే.

ఇందులో జాజ్ ఎక్కడుందయ్యా అని జాజ్ పెద్దలు విసుక్కున్నారు. అందులో కొంత నిజం ఉంది, దాచకు. చాలా పాటల్లో సోలో, అంటే ఒక్కరే అల్లుకుంటూ వాయించే భాగం, ఇలా మొదలై అలా అయిపోతుంది.

అస్ త్రీ అనే లండన్ బృందం పాట ‘కాంటలూప్’ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అది నాకు నచ్చలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విను. మొదట న్యూయార్క్ బర్డ్‌లాండ్ జాజ్ క్లబ్‌లో 1954లో రికార్డయిన అనౌన్సర్ గొంతు. ఆ తర్వాత 1964లో హెర్బీ హాన్‌కాక్ వాయించిన పియానో ముక్క, తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. దాని మీద ర్యాప్. వీటన్నిటి మీద జెరార్డ్ ప్రెసెన్సర్ ట్రంపెట్, ఇది మాత్రం పాత రికార్డు నుంచి కోసుకున్న ముక్క (శాంపిల్) కాదు, కొత్తగా వాయించింది. యంత్రం ఒకే ముక్కని తిప్పుతుంటే ఈయన అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. నువ్వు లక్షణాల జాబితాలో వెతికిన గొడవంతా ఆ ట్రంపెట్ దగ్గర వినపడుతుంది. వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

జమిరోక్వై బ్యాండు గురించి రాసిన పేరా ముట్టుకోకు. తొలి సింగిల్ 1992లో యాసిడ్ జాజ్ రికార్డ్స్‌లో తెచ్చి, వెంటనే సోనీకి వెళ్లిన సంగతి చక్కగా చెప్పావు. దాని తర్వాత ఇంకొకటి చేర్చు. పీటర్సన్ 1990లో విడిగా పెట్టిన టాకిన్ లౌడ్ లేబుల్ నుంచే రోనీ సైజ్ బృందం ఆల్బమ్ ‘న్యూ ఫార్మ్స్’ వచ్చింది, 1997లో బ్రిటన్ ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ కొట్టింది. జాజ్ వాళ్లు వాయించే డబుల్ బేస్ అందులోనూ మోగుతుంది. అయినా దాన్ని అందరూ డ్రమ్ అండ్ బేస్ (వేగమైన డ్రమ్స్, బరువైన బేస్ మీద నడిచే డాన్స్ సంగీతం) అనే అన్నారు. అప్పటికి డాన్స్ ఫ్లోర్ మారిపోయింది, ఆడే జనమూ మారిపోయారు.

మొదటి పేజీ తీసేసి మళ్లీ పంపు. రోనీ సైజ్ విషయంలో నాతో పేచీ పెట్టుకున్నా ఫరవాలేదు, పాట విని పెట్టుకో.

ఆశీస్సులతో,
అన్నయ్య