కమారోకి స్టాల్ కన్వర్టర్ వేయించాలి, కార్డు మీద కొనేయనా?

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటా, హెచ్1బి మీద. 2012 కమారో ఎస్ఎస్ ఆటోమేటిక్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఇంటేక్, ఎగ్జాస్ట్ తప్ప ఇంజన్ అంతా స్టాకే, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. అప్పుడప్పుడు ఎనిస్‌లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ రేస్ ట్రాక్‌కి వెళ్తుంటా, స్టార్టింగ్ లైన్ దగ్గర నుంచి కారు సరిగా లేవట్లేదు, అందరూ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ మార్చమంటున్నారు. 3,600 ఆర్‌పీఎం స్టాల్‌ది కొత్తది 1,100 డాలర్లు, వాడిన 3,800ది ఒకతను 450కి ఇస్తానంటున్నాడు. వచ్చే ఏడాది వేరే క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచి మూసే షాఫ్ట్) కూడా వేయించాలని ఉంది. జీతం ఏడాదికి 120,000, చేతికి నెలకు 7,000 వస్తుంది, ఇంటికి పంపే 700తో కలిపి ఖర్చు 5,500. సేవింగ్స్ 9,000 ఉంది. కార్డు మీద 24 శాతం వడ్డీకి 2,600 బాకీ. రిటైర్మెంట్ కోసం 401కెలో జీతంలో 3 శాతం పెడుతున్నా, కంపెనీ 6 శాతం దాకా పెడితే అందులో సగం మ్యాచ్ ఇస్తుంది. ఇది కూడా కార్డు మీదే కొని నెలకు 100 కట్టుకుంటూ పోతే సరిపోదా?

జవాబు:

తమ్ముడూ, సరిపోదు, ఎందుకో లెక్క వేసి చూపిస్తా. కానీ కారు మీద ఖర్చు పెట్టొద్దని మాత్రం చెప్పను, నెలకు 1,500 మిగుల్చుకుంటూ ఇంటికి పంపుతూ కూడా ఉన్నవాడివి, నీ సరదాకి కొంత పెట్టుకునే హక్కు నీకుంది. నా గొడవంతా నువ్వు అడిగిన 1,100, 450ల గురించే, ఎందుకంటే పని మొత్తానికి అయ్యే ఖర్చు ఆ రెండూ కాదు.

కన్వర్టర్ మార్చాలంటే గేర్‌బాక్స్ కిందకి దించాలి, ఎగ్జాస్ట్ విప్పాలి, డ్రైవ్‌షాఫ్ట్ తీయాలి, మళ్ళీ అన్నీ ఎక్కించాలి. ఎనిమిది నుంచి పది గంటల లేబర్ అనుకో, గంటకు 140 లెక్కన 1,100 నుంచి 1,400. నీ కారు గేర్‌బాక్స్ 6ఎల్80, కన్వర్టర్ రెండు వైపులనీ కలిపి పట్టే లాకప్ క్లచ్‌ని కంప్యూటరే కొద్దికొద్దిగా జారనిస్తూ పట్టిస్తూ నడుపుతుంది, కన్వర్టర్ మారిస్తే ఆ ప్రోగ్రాం కూడా మార్చాలి, ట్యూన్‌కి 400 నుంచి 600. బయట పెట్టే ట్రాన్స్‌మిషన్ కూలర్, లైన్లు 250, 300. ఫిల్టర్, సీల్, డెక్స్‌రాన్ 6 ఫ్లూయిడ్ కలిపి ఇంకో 150, 200. కన్వర్టర్ మంచిదైతే 1,000 నుంచి 1,200. అంతా కలిపితే 2,900 నుంచి 3,700 అవుతుంది. ఇవి ఉజ్జాయింపు రేట్లే, షాపుని బట్టి అటూ ఇటూ అవుతాయి గానీ కన్వర్టర్ ధర మొత్తంలో మూడో వంతే అన్న మాట మాత్రం మారదు.

మధ్యస్థంగా 3,300 పెట్టుకుందాం. నువ్వన్నట్టు కార్డు మీద వేస్తే పాత 2,600 కలిపి 5,900. 24 శాతం అంటే నెలకు 2 శాతం, మొదటి నెల వడ్డీయే 118 డాలర్లు. నువ్వు కడతానంటున్నది 100! అసలు మినిమమ్ పేమెంటే అంతకన్నా ఎక్కువ వస్తుంది. పోనీ పాత బాకీ వేరేగా తీర్చేసి ఈ పనిలో 3,000 మాత్రమే కార్డు మీద పెట్టి నెలకు 100 కట్టావనుకో, తీరడానికి దాదాపు నాలుగేళ్ళు, వడ్డీకే 1,600 పైన పోతుంది. ఆ డబ్బుతో ఇంకో కన్వర్టరే వచ్చేది.

ఇంకోటి చూడు. 401కెలో 6 శాతం పెట్టాల్సిన చోట 3 శాతం దగ్గర ఆగిపోయావ్, అంటే కంపెనీ ఇస్తానన్న మ్యాచ్‌లో సగం, జీతంలో 1.5 శాతం, ఏడాదికి 1,800 డాలర్లు వదిలేస్తున్నావ్. కన్వర్టర్ 1,100కా 450కా అని నువ్వు బుర్ర బద్దలు కొట్టుకుంటున్న తేడా 650, అక్కడ ప్రతి ఏడాదీ దానికి దాదాపు మూడింతలు పోతోంది. మిగతా 3 శాతం కూడా పెడితే నెలకు 300 కోత, కానీ ట్యాక్స్ కట్టకముందే తీస్తారు కాబట్టి చేతికొచ్చేదాంట్లో అంత తగ్గదు, 250 తగ్గిందనుకుందాం. వెస్టింగ్ రూల్ ఒకసారి హెచ్ఆర్‌ని అడుగు, కొన్ని కంపెనీల్లో కొన్నేళ్ళు ఉంటేనే మ్యాచ్ డబ్బు పూర్తిగా నీదవుతుంది.

సరే, ఇప్పుడు అసలు కారు సంగతి, ఎందుకంటే ఇక్కడ తప్పు ఎంచుకుంటే మళ్ళీ డబ్బు సంగతికే వస్తాం.

కన్వర్టర్ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలాంటిది, ఒకటి తిరిగితే దాని గాలికి రెండోది తిరుగుతుంది, ఇక్కడ గాలి బదులు ఆయిల్. ఇంజన్ వైపుది ఇంపెల్లర్, గేర్‌బాక్స్ వైపుది టర్బైన్, మధ్యలో స్టేటర్ అని ఇంకోటి ఉంటుంది, అదే తిరిగొచ్చే ఆయిల్‌ని మళ్ళించి కారు కదిలే ముందు టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, రెండింతల దాకా పెంచుతుంది. స్టాల్ స్పీడ్ అంటే టర్బైన్ ఆగి ఉండగా ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజన్ ఎంత ఆర్‌పీఎం దాకా లేస్తుందో అది. స్టాక్ కన్వర్టర్లు తక్కువ ఆర్‌పీఎంలోనే పట్టేస్తాయి, అందుకే లైన్ దగ్గర ఇంజన్ దాని బలమున్న చోటికి చేరకముందే బరువంతా మీద పడిపోతుంది. నీ ఎల్99 ఇంజన్ 410 పౌండ్-ఫీట్ టార్క్ ఇచ్చేది 4,300 ఆర్‌పీఎం దగ్గర. స్టాల్ పెంచితే ఇంజన్ ముందుగానే ఆ వైపు లేస్తుంది, కారు దూకుతుంది. 3,600 స్టాల్ అంటే 3,600 దాకా కారు కదలదని చాలామంది భయపడతారు, అదేం లేదు, మామూలుగా తొక్కితే మామూలుగానే పోతుంది, కొంచెం వదులుగా అనిపిస్తుంది అంతే.

డబ్బాల మీద రాసే స్టాల్ నంబర్ కన్వర్టర్‌ది మాత్రమే కాదు, దాని ముందున్న ఇంజన్‌ది కూడా. అదే కన్వర్టర్ ఎక్కువ టార్క్ ఇంజన్ వెనక పెడితే ఎక్కువ ఆర్‌పీఎంలో స్టాల్ అవుతుంది, తక్కువ టార్క్ ఇంజన్ వెనక తక్కువలో. అందుకే ఆ 450 వాడు చెప్పిన 3,800 అతని ఇంజన్ వెనక లెక్క, నీ కారులో ఎంతొస్తుందో ఎవరికి తెలుసు. పైగా వాడిన కన్వర్టర్ లోపల పాత క్లచ్ అరిగిన పొడి ఎంత పేరుకుందో కోసి చూస్తే తప్ప కనపడదు, వెల్డ్ చేసి మూసేసిన డబ్బా కదా. ఆ పొడి నీ గేర్‌బాక్స్ వాల్వులలోకి వెళ్ళిందంటే 650 ఆదా చేయబోయి గేర్‌బాక్సే రీబిల్డ్ చేయించుకోవాలి. అది వదిలేయ్.

3,600 కొత్తదా మరి? స్టాక్ క్యామ్‌తో అంత స్టాల్ నీకు అనవసరం అని నా అభిప్రాయం. పాత 4ఎల్60ఇ గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ 3.06, అందుకే ఆ కార్లకి ఎక్కువ స్టాల్ వేస్తే పెద్ద తేడా కనిపించేది. నీ 6ఎల్80లో ఫస్ట్ గేర్ 4.03, వెనక యాక్సిల్ 3.27, గుణిస్తే టార్క్ 13 రెట్లు పైగా చక్రానికి చేరుతోంది, కన్వర్టర్ చేసే రెండింతలు దాని మీద అదనం. మామూలు స్ట్రీట్ టైర్లు దాన్ని తట్టుకోవు, అక్కడే తిరుగుతూ పొగ పెడతాయి, అప్పుడు రోడ్డుని గట్టిగా పట్టే డ్రాగ్ రేడియల్ టైర్లని ఇంకో 500, 600 ఖర్చు లేస్తుంది. ఇప్పుడున్న ఇంజన్‌కి 2,800 నుంచి 3,200 మధ్య, మల్టీ డిస్క్ లాకప్ ఉన్నది, లోపలి ఫిన్లు ఫర్నేస్ బ్రేజింగ్‌తో, అంటే కొలిమిలో కరిగించిన లోహంతో, గట్టిగా అతికించినది చాలు. లాకప్ లేని రేస్ కన్వర్టర్ చవగ్గా వస్తుందని ఎవరైనా చెప్తే వినకు, ఈ కారు ఆరో గేర్‌లో 70 మైళ్ళ స్పీడ్‌కి ఇంజన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర్లోనే తిరుగుతుంది, అక్కడ లాక్ అవకపోతే హైవే పొడుగునా కన్వర్టర్ జారుతూ ఆయిల్‌ని ఉడకబెడుతుంది. గేర్‌బాక్స్ చావడానికి మొదటి కారణం వేడే, 175 ఫారెన్‌హీట్ దాటాక ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు లెక్క చెప్తారు. డాలస్ ఎండల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి కూలర్ మీద పిసినారితనం వద్దు.

ఇక్కడే అసలు చిక్కు, నీ క్యామ్. వచ్చే ఏడాది క్యామ్ వేస్తే టార్క్ పైకి జరుగుతుంది, అప్పుడు 2,800 తక్కువైపోయి మళ్ళీ గేర్‌బాక్స్ దించాలి. కొందరు కన్వర్టర్ బిల్డర్లు ఒకసారి రీస్టాల్, అంటే అదే కన్వర్టర్ స్టాల్ మార్చడం, ఉచితంగానో తక్కువకో చేసిస్తారు, కానీ దించి ఎక్కించే 1,100, 1,400 నీదే, ట్యూన్ కూడా రెండోసారి. ఎల్99లో క్యామ్ అంటే క్యామ్ ఒక్కటే కాదు, అందులో పెట్రోలు ఆదాకి కొన్ని సిలిండర్లు ఆపే ఏఎఫ్‌ఎం ఉంది కాబట్టి దాని లిఫ్టర్లన్నీ (క్యామ్ మీద నడిచి వాల్వులని ఎత్తేవి) మార్చాలి, పని 3,500 దాటిపోవచ్చు. అందుకని ముందు తేల్చుకోవాల్సింది స్టాల్ కాదు, క్యామ్ నిజంగా వేస్తావా అన్నది. నన్నడిగితే వెయ్యకు, వారానికి ఐదు రోజులు ఆఫీసుకి పోయే కారు అది. లేదు వేసి తీరతానంటే కన్వర్టర్ కూడా అప్పటిదాకా ఆపి, క్యామ్ కొలతలు బిల్డర్‌కి చెప్పి, ఒకే ట్యూన్‌తో రెండూ ఒకేసారి చేయించు. మధ్యేమార్గంగా 3,200 తీసుకుని రెండింటికీ సర్దుకుపోవచ్చనే వాళ్ళున్నారు, చిన్న క్యామ్ అయితే నిజమే, పెద్దదైతే కుదరదు.

ఇక డబ్బు ఎలా కూడేస్తావో చెప్తా. ఈ నెల నుంచే 401కె 6 శాతానికి పెంచు. అప్పుడు 1,250 మిగులుతుంది. మొదటి రెండు నెలలు అదంతా కార్డుకి, ఆ పైన వడ్డీకి కొంచెం సేవింగ్స్‌లోంచి వేసి బాకీ పూర్తిగా తీర్చెయ్. ఆ తర్వాత నెలకు 850 ఎమర్జెన్సీ ఫండ్‌కి, 400 కారు కోసం వేరే సేవింగ్స్ ఖాతాలో, పేరు కూడా కమారో అని పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. తొమ్మిది నెలలకి 3,600 చేరుతుంది, పని అయిపోతుంది. ఎమర్జెన్సీ ఫండ్ అప్పటికి 16,000 పైన ఉంటుంది, అంటే మూడు నెలల ఖర్చు. హెచ్1బి మీద ఉన్నవాడికి ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఉద్యోగం పోతే నీకుండేది మహా అయితే 60 రోజుల గ్రేస్, ఆ రెండు నెలల్లో అద్దె, లాయరు, టికెట్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి, అప్పుడు గేర్‌బాక్స్ అమ్ముకోలేవు కదా. అందుకే కారు పని అయ్యాక ఆ 400 కూడా ఎమర్జెన్సీకే మళ్ళించు, ఆరు నెలల ఖర్చు చేరేదాకా. 401కె నుంచి లోన్ తీసుకుందామన్న ఆలోచన వస్తే కూడా ఇదే గుర్తుపెట్టుకో, ఉద్యోగం పోయాక ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోగా తిరిగి కట్టకపోతే దాన్ని విత్‌డ్రాయల్ కింద లెక్కేసి ట్యాక్స్, పైన పెనాల్టీ వేస్తారు.

ఇన్సూరెన్స్ మాట కూడా. మామూలు కారు పాలసీలు రేస్ ట్రాక్ మీద జరిగిన డ్యామేజీకి సాధారణంగా పైసా ఇవ్వవు, మోటార్‌ప్లెక్స్‌లో గోడకి గుద్దితే బండి నష్టం నీదే, నీ కారు లోన్ మీద ఉంటే ఆ లోన్ కూడా నీదే. పాలసీ కాగితం తీసి ఎక్స్‌క్లూజన్స్ చదువు, మార్పులు చేశాక ఏజెంటుకి చెప్పు. ఇది చదువుతున్న వాళ్ళలో కొత్త కార్లున్న వాళ్ళకి ఒక మాట: బయటి పార్ట్ పెట్టినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అంటూ ఒకటుంది, కానీ కన్వర్టర్ మార్చి గేర్‌బాక్స్ పాడైందని వెళ్తే తప్పు కన్వర్టర్‌దే అని కంపెనీ వాదిస్తుంది, ఆ వాదనలో నెగ్గడం కష్టం. నీది 2012 కారు, ఆ బాధ లేదు.

డబ్బు చేరాక షాపులు వెతికేటప్పుడు తక్కువ కొటేషన్ చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు అడుగు. కూలర్ లైన్లు ఫ్లష్ చేస్తారా? కన్వర్టర్‌లో ముందే ఒక క్వార్ట్ ఫ్లూయిడ్ పోసి ఎక్కిస్తారా? గేర్‌బాక్స్ ఎక్కించాక కన్వర్టర్‌కి, దాన్ని బోల్టులతో బిగించే ఇంజన్ వైపు ఫ్లెక్స్‌ప్లేట్‌కి మధ్య గ్యాప్ కొలుస్తారా? చివరిది ముఖ్యం. కన్వర్టర్‌ని తిప్పుతూ నెడుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ పంపులో కూర్చునేదాకా టక్కు టక్కుమని లోపలికి దిగుతుంది, పూర్తిగా దిగాక బోల్టులు బిగించే ముందు సుమారు ఎనిమిదో వంతు అంగుళం నుంచి దానికి ఒకటిన్నర రెట్లు దాకా ఖాళీ ఉండాలి. ఖాళీ అసలు లేదంటే అది సరిగా కూర్చోలేదని, అలాగే బోల్టులతో గుంజి బిగిస్తే మొదటి స్టార్ట్‌లోనే పంపు పగులుతుంది. ఆ గ్యాప్ కొలత బిల్లు మీద రాసిస్తారా అని అడుగు, రాస్తామన్న షాపుకి వంద ఎక్కువైనా ఇచ్చెయ్.