మెన్‌హిర్ అంటే మన నిలువురాయేనా?

ప్రశ్న: నారాయణపేట జిల్లా ముడుమాల్ రాళ్ళను కొందరు ‘మెన్‌హిర్లు’ అని, కొందరు ‘డాల్మెన్లు’ అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ఈ మాటలు ఎక్కడివి?
– ఒక పాఠకురాలు, మక్తల్

జవాబు: ఒకటి కావు. ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున 10 నుంచి 14 అడుగుల ఎత్తున నిలబడి ఉన్నవి మెన్‌హిర్లు, అంటే ఆదిమకాలం మనుషులు నిలబెట్టిన ఒంటి రాళ్ళు. ఈ మాట ఫ్రాన్సు వాయవ్య కొసనున్న బ్రిటనీ నుంచి వచ్చింది. అక్కడి బ్రెటన్ భాషలో ‘మెన్’ అంటే రాయి, ‘హిర్’ అంటే పొడుగు. విశేషణం మనకు ముందొస్తే వాళ్ళకు వెనక వస్తుంది, అంతే తేడా. చూడండి, పొడుగు రాయి అన్నారే తప్ప నిలబెట్టిన సంగతి ఆ మాటలో లేదు. బ్రిటనీలోనే లోక్‌మరియాకేర్‌లో 20 మీటర్ల రాయి నాలుగు ముక్కలై నేలమీద పడుంది, దాన్నీ మెన్‌హిర్ అనే అంటారు. ముడుమాల్ ఊరివాళ్ళ ‘నిలురాళ్ళు’ అన్న మాటలో ఆ నిలబెట్టడం కూడా ఉంది. ఇంత చక్కని మాట ఉండగా తెలుగులో మెన్‌హిర్ అని రాయనక్కర్లేదు.

డాల్మెన్ కథ కొంచెం చిక్కు. బ్రెటన్‌లో ‘టావోల్’ అంటే బల్ల, కాబట్టి ‘రాతిబల్ల’ అని చెబుతారు. అయితే ఆ భాష వ్యాకరణం ప్రకారం అది ‘టావోల్‌వేన్’ కావాలి. అందుకే, ఇంగ్లండు నైరుతి కొసన మాట్లాడిన కార్నిష్ భాషలో ‘రంధ్రమున్న రాయి’ అనే అర్థమిచ్చే ‘టోల్మెన్’ను పొరబాటుగా తీసుకున్నారన్న వాదన కూడా ఉంది. మాట ఎలా పుట్టినా వస్తువు మాత్రం స్పష్టం: నిలబెట్టిన పలకల మీద కప్పురాయి పెట్టిన పాతకాలపు సమాధి. మన తెలంగాణలోని దామరవాయి, జానంపేటల్లో ‘రాక్షసగుళ్ళు’ అనేవి ఇవే.

ఇలాంటి రాళ్ళ గురించి చదివేటప్పుడు ఎదురయ్యే మరో మాట ‘క్రోంలెక్’ దగ్గర జాగ్రత్త. వెల్ష్‌లో దాని అర్థం వంగిన పలక. వేల్స్‌లో డాల్మెన్‌నే అలా అంటారు. ఫ్రెంచివాళ్ళు అదే మాటను గుండ్రంగా పేర్చిన రాళ్ళకు వాడతారు. పాత వ్యాసం చదివేటప్పుడు రాసినవాళ్ళు ఏ దేశం వాళ్ళో ముందు చూసుకోండి. ‘మెగాలిత్’ వీటన్నిటికీ కలిపి చెప్పే పేరు: గ్రీకులో ‘మెగస్’ పెద్ద, ‘లిథోస్’ రాయి.

పొలంలో రాయి కనబడితే ముందు దాని ముఖం చూడండి. కత్తి, గుర్రం, వీరుడి బొమ్మ చెక్కి ఉంటే అది వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, చాలా తర్వాతి కాలానిది. మెన్‌హిర్ మీద సాధారణంగా బొమ్మలుండవు. పక్కనున్న బండల మీద చిన్న గిన్నెల్లాంటి గుంటలున్నాయేమో కూడా చూడండి. ముడుమాల్‌లో అలాంటి గుంటలే సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి.